డానియేలు పొడుగు బండి

ఉప్పుగూడలో డానియేలుకు కోపం వచ్చిందని ఎవరూ చెప్పుకోరు. కోపం రాని రోజు ఉంటే చెప్పుకుంటారు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్ ఆయన. కరెంటు తీగల్లో కంటే డానియేలు నాలుక మీదే ఎక్కువ పారుతుందని గల్లీలో ఒక మాట ఉంది. గాలివాన వచ్చిన సాయంత్రం "కరెంటెప్పుడొస్తదన్నా" అని ఫోన్ చేసిన వాళ్లకు తాతల దాకా తిట్లు పడేవి. తిడుతూనే స్తంభం ఎక్కేవాడు. తడిసి ముద్దయి తీగ కలిపి, కిందికి దిగి మళ్లీ తిట్టేవాడు.

అలాంటి మనిషికి ఈ లోకంలో ముద్దొచ్చిన వస్తువు ఒకటుంది. అది ఎర్ర రంగు స్టేషన్ వ్యాగన్. బంజారాహిల్స్‌లో ఒక డాక్టరు ఇంటికి వైరింగు పనికి వెళ్లినప్పుడు చూశాడు. ముందు నుంచి చూస్తే అన్ని కార్ల లాంటి కారే. పక్క నుంచి చూస్తే మాత్రం ఎంతకీ అయిపోదు. పైకప్పు వెనకదాకా సాగి, సీట్ల వెనక ఒక చిన్న గదంత డిక్కీ. పెట్రోల్ ఇంజను, దానికి జోరు పెంచే టర్బో. యాక్సిలరేటర్ తొక్కితే సన్నగా ఈల వేసి, కూర్చున్నవాడి వీపును సీటుకు నొక్కిపెట్టి ఉరుకుతుంది. డాక్టరు ఎత్తు బండి కొనుక్కుని దీన్ని అమ్మేస్తానన్నాడు. డానియేలు ఇంట్లో ఒక మాట అడగకుండానే ఊ అన్నాడు.

"ఆదివారం చర్చికి అందరం పోవాలె, డోలక్ పెట్టాలె, హార్మోనియం పెట్టాలె. అందుకే తీసుకున్న" అని భార్య స్వరూపకు చెప్పాడు. అది సగమే నిజం. మిగతా సగం ఆ ఈల.

బండి గల్లీలోకి వచ్చిన రోజే లొల్లి మొదలైంది. "అంబులెన్స్ కొన్నవా అన్నా" అన్నాడొకడు. "గింత పొడుగేంది భాయ్, మన మూల మీద తిరుగుతదా" అన్నాడింకొకడు. పెట్రోల్ బంకులో కుర్రాడు దాని పొడుగు చూసి డీజిల్ పైపు అందుకోబోతే డానియేలు వేసిన కేక రోడ్డు అవతలికి వినిపించింది. గల్లీలోని ప్రతి స్పీడ్ బ్రేకరూ బండి పొట్టను గీరేది. గీరినప్పుడల్లా దాన్ని కట్టినవాడి పుట్టుక గురించి డానియేలు గట్టిగానే సందేహపడేవాడు.

సరైన ప్రశ్న అడిగింది ఒక్క ఎల్లప్పే. ఎల్లప్పది పక్క ఇల్లు. ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి బస్తాలు తూచే పని చేసి చేసి దగ్గు తెచ్చుకున్న మనిషి. తుండుతో నోరు తుడుచుకుని, బానెట్ మీద అరచెయ్యి ఆనించి, "ఎంత జోరుగ పోతది డానియేలు" అని అడిగాడు.

డానియేలుకు ప్రాణం లేచొచ్చింది. బానెట్ ఎత్తి టర్బో ఎక్కడుందో చూపించాడు. అప్పటి నుంచి ఎల్లప్పకు అదొక అలవాటైపోయింది. రోజూ బండి దగ్గరికి వచ్చి నిలబడేవాడు. డానియేలు డ్యూటీ నుంచి వచ్చేసరికి చాయ్ గ్లాసుతో ఎదురుచూసేవాడు.

"ఒకపారి జోరుగ తిప్పు డానియేలు. ఎట్లుంటదో సూస్త."

"తిప్పుత అన్నా. రోడ్డు కాలీగ ఉన్నప్పుడు పోదాం."

పాతబస్తీలో రోడ్డు ఖాళీగా ఎప్పుడుంటుంది? ఆ మాట వాయిదా పడుతూనే పోయింది. "పోనీ, మా కొడుకు గోవర్ధన్ పెండ్లికి పెండ్లికొడుకును గీ బండిలనే తీస్కపోవాలె" అన్నాడు ఎల్లప్ప. డానియేలు ఆయన చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాడు. డానియేలు తిట్టకుండా మాట్లాడిన మాటలు తక్కువ. వాటిలో అదొకటి.

వానాకాలం మధ్యలో ఎల్లప్ప పోయాడు. గల్లీ రోడ్డంతా పైపుల కోసం తవ్వి పెట్టారు. ఒకపక్క గొయ్యి, మరోపక్క తలకు తగిలేలా వేలాడే కేబుళ్లు. శవాన్ని తీసుకుపోయే వ్యాను గల్లీ మొదట్లోకి వచ్చి, ఎత్తు ఎక్కువై కేబుళ్ల కింద పట్టక వెనక్కి వెళ్లిపోయింది. పురానాపూల్ శ్మశానం దాకా ఆ వానలో భుజాల మీద మోయడం అయ్యే పని కాదు. ఎల్లప్ప తమ్ముడు బాలరాజ్ వచ్చి డానియేలు ముందు చేతులు జోడించాడు.

"అన్నా, నీ బండిల ఎనక సీట్లు మడిస్తే పడ్తడు మా అన్న. కాదనకు."

డానియేలు గయ్‌మన్నాడు. మున్సిపాలిటీని తిట్టాడు, పైపుల కాంట్రాక్టరును తిట్టాడు, వెనక్కి పోయిన డ్రైవరును తిట్టాడు. తిడుతూనే సీట్లు మడిచి, తన ఇంట్లోని కొత్త దుప్పటి పరిచాడు. పాడె కొంచెం బయటికే వచ్చింది. డిక్కీ తలుపు మూతపడక తాడుతో కట్టారు.

ఆ ఇంటి ఆడవాళ్లు గల్లీ మొదట్లోనే ఆగిపోవాలని ఆచారం. ఎల్లప్ప భార్య రుక్మిణమ్మ అక్కడిదాకా వచ్చి, డ్రైవరు అద్దం మీద వేళ్లతో తట్టింది. "మెల్లగ తీస్కపో డానియేలు. ఆయనకు కుదుపులు పడవు" అంది.

డప్పుల వెనక, మనుషుల నడకతో సమానంగా, ఉరకడానికి పుట్టిన ఆ బండి మొదటి గేరులో పురానాపూల్ దాకా పాకింది. డానియేలును కోసింది వీడ్కోలు కాదు, మాట తప్పిన బాధ. జోరుగా తిప్పుతానన్న మనిషిని ఇలా తిప్పుతున్నాను కదా అని కళ్లు తుడుచుకున్నాడు.

అసలు ఒళ్లు మండే సంగతి ఆ తర్వాత మొదలైంది. పండగ ముందు గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు పోవాలంటే డానియేలు బండిలో ఇరుక్కుని కూర్చునే ఆడవాళ్లు ఆటోలు వెతుక్కోవడం మొదలుపెట్టారు. "దిగబెట్టాల్నా" అని అడిగితే "వద్దన్నా, దగ్గరే" అని తల తిప్పుకున్నారు. ఒకావిడ బండి ఆగే చోట పసుపు నీళ్లు చల్లిపోయింది. అంబులెన్స్ అన్న వెక్కిరింపు పోయి సావు బండి అన్న పేరు మిగిలింది. మోయమని చేతులు జోడించింది వీళ్లే, మోసినందుకు ముట్టుకోనిదీ వీళ్లే. సిగ్గనేది ఉంటే కదా.

"మన చర్చిల శవం పెట్టె మోసిన బండిలనే తెల్లారి అందరం కూసోమా? వీళ్లకేం రోగం?" అని డానియేలు పళ్లు కొరికేవాడు.

"గోవర్ధన్ పెండ్లికి పెండ్లికొడుకు మన బండిలనే పోతడు గద. అప్పుడు అందరి నోళ్లు మూతవడ్తయి" అని స్వరూప సర్దిచెప్పేది. డానియేలు ఆ ఒక్క రోజు మీదే ఆశ పెట్టుకున్నాడు. అది బండి పరువు ఒక్కటే కాదు, చచ్చిపోయినవాడికిచ్చిన మాట కూడా.

ఎల్లప్ప సంవత్సరీకం అయ్యాక పెళ్లి కుదిరింది. పెళ్లి రోజు పొద్దున డానియేలు తానే పోయి బంతిపూల దండలు తెచ్చాడు. బండిని కడిగి, తుడిచి, బానెట్‌కు దండ కట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డాడు. అప్పుడొచ్చాడు బాలరాజ్. వాడి వెనకే గల్లీలోకి తెల్ల కిరాయి కారు, పూలతో సహా.

"ఏమనుకోకు డానియేలన్నా. శవాన్ని మోసిన బండిల పెండ్లికొడుకును ఎట్ల కూసోబెడ్తం? మా పెద్దోళ్లు ఒప్పుకుంటలేరు."

డానియేలు ముఖం నల్లబడింది.

"శవమా? మీ అన్న కాదా? ఆ దినం నా ముంగట చేతులు జోడించినప్పుడు ఏమైంది మీ పెద్దోళ్లకు? ఆ దినం బండి మంచిదే, ఈ దినం మైలబడ్డదా?"

డానియేలు బాలరాజ్‌ను వదిలేసి పెళ్లికొడుకు వైపు తిరిగాడు. "గోవర్ధన్, నువ్వు చెప్పురా. మీ నాయిన నాతోని మాట తీసుకున్నడా లేదా?"

గోవర్ధన్ బాసికం సరిచేసుకుంటూ, "పెద్దోళ్లు అంటున్నరు కాకా" అని గొణిగి తెల్ల కారెక్కాడు. బ్యాండు మోగింది. కారు కదిలిపోయింది. డానియేలు బంతిపూల దండను ఒక్క గుంజు గుంజి నేలకేసి కొట్టాడు. స్వరూప ఆపబోతే ఆమెనూ కసిరాడు.

ఆ దండను వంగి ఎత్తింది రుక్మిణమ్మ. ఆమె ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. పెళ్లికొడుకు తల్లి, ఇంకా ఇక్కడే ఉంది.

"నువ్వు పోలేదా వదినా?" అన్నాడు డానియేలు.

"నన్ను ఎనక బస్సుల రమ్మన్నరు. తాళి కట్టినంక లోపలికి రావాల్నట. శుభమా అని పోతుంటే ఎదురుపడొద్దట." ఆమె గొంతులో ఉన్నది ఏడుపు కాదు, మంట. "కన్నది నేను. పెంచింది నేను. ఆయన పోంగనే నేను కూడ మైలబడ్డ."

రుక్మిణమ్మ తెగిన దండను ముడివేసి, మళ్లీ బానెట్‌కు కట్టింది. ముందు తలుపు తెరుచుకుని డ్రైవరు పక్క సీట్లో కూర్చుంది.

"పోదాం పా. ఎంత జోరుగ పోతదో ఆయన సూడలే. నేనన్న సూస్త."

స్వరూప మారు మాట్లాడకుండా వెనక ఎక్కింది. పోచమ్మ గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టడానికి తెల్ల కారు ఆగి ఉంది. చుట్టూ బ్యాండువాళ్లు. ఎర్ర బండి పక్క నుంచి దూసుకుపోయింది. చాంద్రాయణగుట్ట దాకా ఆటోలను తిట్టుకుంటూ పోయిన డానియేలు, ఆరాంఘర్ దాటి శంషాబాద్ రోడ్డు విప్పారగానే యాక్సిలరేటర్ తొక్కాడు. టర్బో ఈల వేసింది. రుక్మిణమ్మ వీపు సీటుకు అతుక్కుంది. ఆమె తలుపు పిడి పట్టుకుంది కానీ మెల్లగా పొమ్మనలేదు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

"గిట్లనా పోయేది?" అంది.

"గిట్లనే వదినా. అన్నకు చూపెట్టలేకపోయిన."

"ఇప్పుడు చూపెట్టినవ్ గద."

ఫంక్షన్ హాలు గేటు దగ్గర ఆడపెళ్లివాళ్లు హారతి పళ్లెంతో సిద్ధంగా ఉన్నారు. బంతిపూల బండిని చూసి పెళ్లికొడుకే అనుకుని ముందుకొచ్చారు. దిగింది రుక్మిణమ్మ. ఆమె గేటు మధ్యలో నిలబడి చీర సర్దుకుంటుండగా తెల్ల కారు వచ్చి ఆగింది. బాలరాజ్ తలుపు తీసుకుని ఉరికొచ్చాడు.

"వదినా, ఎదురొచ్చినవేంది? నీకు చెప్పలేదా?"

"నేను ఎదురు రాలే" అంది రుక్మిణమ్మ. "నేను ముందుగాల వచ్చిన. మీరే నా ఎనక వచ్చిన్రు."

హారతి పళ్లెం పట్టుకున్న పెద్దావిడ, పెళ్లికూతురి నాయనమ్మ, ఆమె కూడా బొట్టు లేని మనిషే. ఎవరేమంటారో అని చూడలేదు. "వియ్యపురాలా, లోపలికి రాండ్రి" అని రుక్మిణమ్మ చెయ్యి పట్టుకుంది. గోవర్ధన్ కారు దిగి, తల్లి కాళ్ల మీద పడ్డాడు. ఆమె లేవనెత్తింది.

డానియేలు కోపం మాత్రం తగ్గలేదు. భోజనాల దగ్గర కూడా బాలరాజ్ వడ్డించబోతే గిన్నె పక్కకు నెట్టాడు. సాయంత్రం బండి తాళాలు తిప్పుకుంటూ బయటికొచ్చేసరికి కొత్త పెళ్లాంతో గోవర్ధన్ ఎర్ర బండి పక్కన నిలబడి ఉన్నాడు.

"కాకా, తప్పయింది. ఇంటికి మేమిద్దరం నీ బండిలనే వస్తం."

"నన్నెందుకు అడుగుతవ్?" అన్నాడు డానియేలు, వాడి ముఖం చూడకుండానే. "ఎవలు ఎక్కాల్నో చెప్పేది ఇప్పుడు నేను కాదు. మీ అమ్మనడుగు."

రుక్మిణమ్మ అప్పటికే తన చోట కూర్చుని ఉంది. అద్దం దించి కొడుకును, కోడలిని చూసింది.

"ఎనక కూసోండ్రి" అంది. "ముందు సీటు నాది."