అల్లుడుగారి కారు దులిపే కుచ్చు

ఈ రోజు మధ్యాహ్నం నేను ఒక తెలివితక్కువ పని చేశాను. నేను హైదరాబాదు మదీనాగూడలో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. ఈ మధ్య అల్లుడుగారు కొత్త కారు కొన్నారు. హైటెక్ సిటీ వైపు రాళ్లు పేల్చి భవనాలు కడుతున్నారు కదా, ఆ దుమ్మంతా కారు మీదే పడుతుంది. రోజూ కడగడం కుదరక, ఆయన ఇంటికి రాగానే ఒక నూలు కుచ్చుతో దులుపుతారు. ఇవాళ అది నల్లగా, జిడ్డుగా కనబడితే ఊరుకోలేక సబ్బు పెట్టి ఉతికి ఆరేశాను.

పనిమనిషి యాదమ్మ చూసి నెత్తి కొట్టుకుంది. "ఏందమ్మా గిట్ల జేసినవ్? దుమ్ము పట్టుకునేటందుకు దానికి మైనం పూసి ఇస్తరంట. సారు నన్ను ముట్టనియ్యడు."

హడలిపోయి, ఆ జిడ్డు తిరిగి రావాలని కొబ్బరినూనె పట్టించాను. సాయంత్రం అల్లుడుగారు వచ్చి, కుచ్చు తీసుకుని కారు దగ్గరికి నడిచారు. నోరు మూసుకుంటే నా తప్పు దాగుతుందేమో గానీ, కారు రంగు ఏమైపోతుందో!

"బాబూ, ఆగండి! దానికి నూనె రాశానండి" అని అరిచాను.

ఆయన కుచ్చు వాసన చూశారు. "తలకి రాసుకునేదేనా, అత్తయ్యగారూ?"

"అవునండి."

కుచ్చు పట్టుకునే లోపలికి వెళ్లిపోయారు. ఇప్పుడు గదిలో అమ్మాయితో మెల్లగా మాట్లాడుతున్నారు. అమ్మాయి నవ్వు వినిపించింది గానీ, ఆయన నవ్వు ఇంకా వినిపించలేదు. ఆయనకు కోపం వచ్చినట్టా, రానట్టా? అల్లుళ్లున్న అమ్మలు ఎవరైనా చెప్పండి.