విమల మాటగా నేను చెప్పింది

ఇరవై ఏళ్లకు పైగా ఒక మాట మోస్తున్నాను. చిన్న మాటే. నోట్లోంచి రావడానికి రెప్పపాటు పట్టలేదు. అప్పటి నుంచి దాన్ని ఎక్కడ దింపుకోవాలో తెలియలేదు. ఇంట్లో చెప్పలేను. దేవుడికి చెప్పుకున్నాను, ఆయన ఏమీ అనలేదు. అందుకే మీకు రాసి చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు. ఎరగని వాళ్ల ముందు గొంతు కొంచెం పెగులుతుంది.

నాకు చదువు లేదు. ఐదో తరగతితో సరి. కానీ విన్నది మరిచిపోను. ఎవరు ఏ చీర కట్టుకొని వచ్చి ఏమన్నారో ఏళ్ల తర్వాత కూడా వాళ్ల గొంతుతోనే చెప్పగలను. నేను చెప్పడం మొదలుపెడితే పని మీద వచ్చిన వాళ్లు కూడా కూర్చుండిపోతారు. అదే కొంప ముంచింది. నా కొంప కాదు, ఇంకొకరిది.

కరీంనగర్‌లో మాది కలిసి ఉన్న సంసారం. మా ఆయనకు బట్టల దుకాణం. మా మరిది మాధవ్ కాలేజీలో చరిత్ర చెప్పేవాడు. నాకు పిల్లలు కలగలేదు. మాధవ్ కూతురు రజిత పుట్టినప్పుడు దాని తల్లి శాంత జబ్బు చేసి నెలల తరబడి మంచం దిగలేదు. అప్పుడు నా ఒళ్లోకి వచ్చిన పిల్ల మళ్లీ దిగలేదు. "పెద్దమ్మా" అని నా కొంగు పట్టుకొనే తిరిగేది, నా వేలు నోట్లో పెట్టుకొని నిద్రపోయేది. శాంత ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అంత మంచిది.

మాధవ్ పనిచేసే విశ్వవిద్యాలయానికి కరీంనగర్‌లో ఒక కాలేజీ, దూరాన ఆసిఫాబాద్‌లో ఒకటి, ఇంకా అటూ ఇటూ కొన్ని ఉండేవి. వాటన్నిటికీ పెద్ద సెనేట్ అనే సభ. ఏ పాఠం చెప్పాలి, పరీక్ష ఎలా పెట్టాలి, లెక్చరర్లను ఎలా తీసుకోవాలి, ఎవరిని ఎక్కడికి పంపాలి, అన్నిటికీ రూలు అక్కడే కట్టేవారు. లెక్చరర్లంతా ఓట్లు వేసి మాధవ్‌ను అందులోకి పంపారు. సభ ఇంకో వారం ఉందనగా మా జిల్లా సభ్యులు మా ఇంటి అరుగు మీద కూడేవారు. ఏం అడగాలో, ఏది వదలాలో అక్కడ ఒక్క మాట మీదకు వచ్చాకే హైదరాబాద్ బస్సు ఎక్కేవారు. నేను సర్వపిండి చేసి పెట్టేదాన్ని.

వాళ్లలో లెక్కలు చెప్పే కొమురయ్య సారు మహా హాస్యగాడు. "వదినమ్మా, గీ సర్వపిండి సెనేట్ల పంచితే ఒక్క తీర్మానం ఆగది" అనేవాడు. "మీరు తీర్మానానికి వస్తున్నరా, తిననీకి వస్తున్నరా సారూ?" అని నేను అంటే అందరికంటే ముందు ఆయనే నవ్వేవాడు. నవ్వులయ్యాక నన్ను కూడా అడిగేవారు. లెక్చరర్ల ఇళ్లలోని ఆడవాళ్లంతా ఏ కష్టమొచ్చినా నా వంటింట్లోకే వచ్చేవాళ్లు కదా, ఎవరేమనుకుంటున్నారో నాకు తెలుస్తుందని వాళ్ల నమ్మకం. చదువుకున్న వాళ్లు నా మాట చెవి ఒగ్గి వింటుంటే నాకు ఎంత గర్వంగా ఉండేదో. అది కూడా దాచను.

విమల ఆసిఫాబాద్ కాలేజీలో చెట్టూ చేమల గురించి పాఠం చెప్పేది. భర్త ఉద్యోగం కరీంనగర్‌లో. ఆసిఫాబాద్‌లో పిల్లకు మాటిమాటికీ చలిజ్వరం వస్తోందని అత్తగారి దగ్గర మా వాడలోనే ఉంచింది. సెలవు దొరికితే రైలూ బస్సూ పట్టుకొని వచ్చేది. వానాకాలం వాగులు పొంగితే అదీ లేదు. వచ్చినప్పుడల్లా నా దగ్గర కూర్చొని అక్కడి కబుర్లు చెప్పేది. తనుండే ఇంటి ముందు పాకించిన చిక్కుడు తీగ, కాలేజీ పిల్లలు తెచ్చిచ్చే తేనె, చలికాలం పొద్దున గడప దాకా వచ్చే మంచు. నాకు చాలా ఇష్టం ఆ పిల్లంటే. అబద్ధం కాదు. ఇష్టమైన వాళ్లకే ఇలా చేయగలిగానంటే నన్ను ఏమనుకోవాలి?

ఆ ఏడు, సభకు కొన్ని రోజుల ముందు, విమల వచ్చి నా పక్కన పీట మీద కూలబడింది. చిక్కుడు తీగ మాట ఎత్తలేదు.

"అక్కా, నిన్న నా బిడ్డను ఎత్తుకుంటే కేక వెట్టి ఏడ్సింది. నాయినమ్మ దగ్గరికి ఉరికింది. ఇంకొన్నేండ్లు గక్కడనే ఉంటే నన్ను చుట్టాలామె అనుకుంటది. మాధవ్ సార్‌తోని నాకు మాట్లాడరాదు. జర మీరే చెప్పుండ్రి, ఎట్లనన్న చేసి ఇటు తెప్పియ్యమనుండ్రి."

చెబుతానన్నాను. తల నిమిరి అన్నం పెట్టాను. నిజంగా చెబుదామనే అనుకున్నాను.

సభ్యులు కూడిన సాయంత్రం మాధవ్ తను రాసుకున్నది చదివాడు. ఐదేళ్లు దూరపు కాలేజీలో పనిచేసిన వాళ్లను ఊళ్లోకి తేవాలి, ఊళ్లో ఎక్కువ కాలంగా ఉన్నవాళ్లు అటు పోవాలి. అప్పటిదాకా ఒకసారి అటు పడ్డవాళ్లు అటే ఉండేవాళ్లు.

"రూలు వస్తే మొదలు నేనే పోత" అన్నాడు మాధవ్. "అడిగేటోడే ఇంట్ల కూసుంటే ఎవ్వలు ఇంటరు? శాంతను, బిడ్డను తీస్కోని ఆసిఫాబాద్ పోత."

నేను లోపల పొయ్యి దగ్గర ఉన్నాను. రజిత నా వీపు మీద వాలి జడ లాగుతోంది. గంజులో పిండి మాడుతున్న వాసన వస్తున్నా చేయి కదలలేదు.

కొమురయ్య సారుకు అనుమానం. "అందరు వస్తమంటుండ్రా? సూడనైతే బాగనే ఉన్నది. గని ఆళ్లకు అక్కడ అలవాటైతే మనం బలవంతంగ గుంజుకొచ్చినట్టయితది. వదినమ్మా, విమల మేడం మీ దగ్గరికి వస్తదట గద. ఏమంటది?"

గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. చెప్పడం మొదలుపెట్టాను. చిక్కుడు తీగ చెప్పాను. తేనె చెప్పాను. మంచు చెప్పాను. విమల గొంతు, విమల చేతులు తిప్పడం, అన్నీ దించేశాను. అందులో ఒక్కటీ కల్పించింది కాదు. అరుగంతా మురిసిపోయింది. "గంత మంచిగుంటే మనమే పోదాం పాండ్రి" అని కొమురయ్య సారు నవ్వాడు. ఏడ్చిన పిల్ల సంగతి మాత్రం నా నోటి దాకా రాలేదు. రాలేదా, రానివ్వలేదా?

అక్కడితో ఆగి ఉంటే మరిచిపోయానని నన్ను నేను నమ్మించుకునేదాన్నేమో. మాధవ్ ఆగనివ్వలేదు.

"గది సరే వదినె. ఇటు వస్తనన్నదా, రానన్నదా?"

"రానన్నది."

అంతే. అదే ఆ మాట.

"ఇగ ఆమెనే రానంటే మనమెవ్వలం?" అన్నాడు కొమురయ్య సారు. తక్కినవాళ్లూ తలలూపారు. బదిలీల సంగతి కొట్టేశారు. ఉన్నవాళ్లకు ఉన్నచోటే సౌలతు చేద్దామని, దూరపు కాలేజీల వాళ్లకు జీతం మీద కొంత భత్యం అడిగారు. సెనేట్‌లో అది చప్పట్లతో గెలిచింది. మాధవ్ ఇంటికి రాగానే, "నువ్వు చెప్పకుంటే ఒక మంచి మనిషికి అన్యాయం చేస్తుంటిమి వదినె" అన్నాడు. నేను అతని కాళ్లకు నీళ్లిచ్చి లోపలికి వెళ్లిపోయాను.

విమల మళ్లీ వచ్చింది. ఆశగా నా ముఖం చూసింది. "సార్ అడిగిండు బిడ్డా, ఆళ్లు ఒప్పుకోలేరంట" అన్నాను. మొదటిది తొందరలో వచ్చిందనుకుందాం, రెండోదాన్ని ఏమనాలి? ఆమె నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఓదార్చాను. ఓదార్చడం నాకు బాగా వచ్చు. తర్వాత ఒకసారి వాకిట్లో ఎదురుపడినప్పుడు, "అడివి మిమ్ముల ఇడుస్తలేదంట గద మేడం" అని మాధవ్ నవ్వుతూ అన్నాడు. ఆమె కూడా నవ్వింది. పని కాలేదని తనను ఊరడించడానికి అన్నాడనుకుంది. వాళ్లిద్దరి మధ్య నేను నిలబడి ఉన్నాను. ఆమె ఇంకో మాట అడిగినా, అతను ఇంకో మాట చెప్పినా అయిపోయేది. ఎవరూ అడగలేదు. ఇద్దరికీ నా మీద అంత నమ్మకం.

ఒక్క విమలకే చేశాననుకున్నాను. రూలంటే ఒక్కరితో ఆగదని తర్వాత తెలిసింది. ఊళ్లోకి వస్తామని ఏ కాలేజీ వాళ్లు అడిగినా, భత్యం తీసుకుంటున్నారు కదా అన్నారట. సెనేట్‌లో మాధవ్ గడువు అయిపోయింది. తర్వాత వచ్చిన వాళ్లు ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. నేను మొహం కూడా చూడని వాళ్లు ఎందరు ఎక్కడెక్కడ ఉండిపోయారో.

చివరికి విమల పెద్ద ఉద్యోగం మీద కరీంనగర్ వచ్చేసరికి కూతురు పదో తరగతిలో ఉంది. చూద్దామని వెళ్లాను. ఆ అమ్మాయి నాయనమ్మ ఒళ్లో కాళ్లు చాపుకొని ఏదో గుసగుసగా చెప్పి నవ్వుతోంది. తల్లి లోపలికి రాగానే లేచి నిలబడి కుర్చీ జరిపింది. "మీరు కూసోండ్రి" అంది. కన్నతల్లిని మీరు అంది. విమల కూర్చుంది. బంధువుల ఇంట్లో కూర్చున్నట్టు, చీర కుచ్చిళ్లు సవరించుకొని, అంచు మీద. చాయ్ సగంలో పెట్టి లేచి వచ్చేశాను.

రజితను నేనే పెంచాను. దాని పెళ్లిలో అల్లుడి కాళ్లు నేనూ మా ఆయనా కూడా కడిగాం, శాంతే పట్టుబట్టి పీటల మీద కూర్చోబెట్టింది. ఇప్పటికీ ఊరికి వస్తే బ్యాగు కింద పెట్టకముందే నన్ను వెతుక్కుంటుంది. ఆ సంతోషం ఇవాళ్టికీ నిండుగానే ఉంది, అబద్ధం ఎందుకు. అందుకే నాకు క్షమాపణ అడిగే అర్హత లేదనుకుంటాను. ఆ సాయంత్రం మళ్లీ వచ్చి, ఆ పిల్ల మళ్లీ నా వీపు మీద వాలి ఉంటే, వస్తానన్నదని చెప్పగలనా? చెబుతానని రాద్దామని ఇందాకటి నుంచి చూస్తున్నాను. చేయి సాగడం లేదు.

మాధవ్‌కు ఇంకా తెలియదు. విమల ప్రతి శుక్రవారం వస్తుంది, "అక్కా" అని గేటు దగ్గరే పిలుస్తూ. చెప్పే ధైర్యం రేపు వస్తుందో, ఎప్పటికీ రాదో. కానీ ఇవాళ ఒక మనిషికి చెప్పాను. ఎవరి గొంతూ దించకుండా, నా గొంతుతోనే చెప్పాను.