హాల్లో పెట్టిన రాగి కాగు

జగిత్యాలలో మా ఇంటికి ఎవరొచ్చినా చెప్పులు విడిచీ విడవకముందే టీవీ పక్కనున్న రాగి కాగును చూసి, ఎక్కడ కొన్నారని అడిగేవారు. ఆ మాట వినడం కోసమే ఉత్సాహంగా తలుపు తీసేదాన్నని ఒప్పుకోవాలి. నిన్న పక్కింటావిడ వచ్చి, అదేమిటి ఇంత నల్లబడిందని అడిగితే, చాయ పెడతానన్న సాకుతో వంటింట్లోకి పోయి చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

అది కొన్నది కాదు, మా అమ్మది. మేడిపల్లిలో మాకు గుంట భూమి కూడా లేని రోజుల్లో, కోతల కూలికి వచ్చిన వడ్లు దాచిపెట్టి, కోరుట్ల అంగడిలో బేరమాడి తెచ్చుకుంది. నా వయసువాళ్లకు వేరే చెప్పాలా, నీళ్లు కాచే పాత్రను లోపల చింతపండుతో తళతళలాడేలా తోమి, బయటి మసిని మాత్రం ముట్టుకోని కాలం అది. వాడలో ఎవరింట్లో పసిబిడ్డ పుట్టినా బిడ్డను ఉయ్యాల్లో వేసే తొట్టెలనాటి స్నానానికి నీళ్లు మా కాగులోనే కాగేవి. నేనూ, చెల్లెలూ, తమ్ముడూ, తరవాత మా పిల్లలూ ఆ నీళ్లు పోసుకున్నవాళ్లమే.

అమ్మ పోయాక ఆ కాగు తమ్ముడి ఇంటి వెనక బర్రెలకు కుడితి పోసే పాత్రయింది. ఏళ్ల తరబడి ఎవ్వరమూ పట్టించుకోలేదు. కొత్తిల్లు కట్టుకున్నాక, ఎవరింట్లోనో పాత రాగి సామాన్లు అలంకరించి ఉండడం చూసి నాకది గుర్తొచ్చింది. అమ్మ మీద ప్రేమతో అని చెబితే నమ్మకండి. తమ్ముడింటి నుంచి తెచ్చి, సొట్టలు తీయించి, మెరుగు పెట్టించి, ఆ మెరుపు పోకుండా పైన వార్నిష్ కూడా పూయించి, లోపల ప్లాస్టిక్ పూలు పెట్టాను.

పోయిన వారం సిరిసిల్ల నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. మరమగ్గాల దగ్గర నూలు కండెలు చుట్టే మనిషి, ఊరికే చేయదు. "అక్కా, నా బిడ్డకు బిడ్డ పుట్టింది గదా, ఐతారం తొట్టెల. అమ్మ కాగు పంపు, దాంట్లనే నీళ్లు కాగవెట్టి పోస్త" అంది. పొయ్యి మీద పెడితే వార్నిష్ పోయి ఖరాబవుతుందని అన్నాను. "సరే తియ్యక్కా, గ్యాస్ మీద గిన్నెల కాగవెట్టుకుంట" అని పెట్టేసింది.

సిగ్గు అప్పటికప్పుడే రాలేదు, అదీ చెప్పాలి. మర్నాడు ఆ పూల మీద దుమ్ము తుడుస్తుంటే వచ్చింది, వచ్చాక ఇక కూర్చోనివ్వలేదు. ఆదివారం పొద్దున్నే కాగును పాత చీరలో మూటగట్టుకుని బస్సెక్కాను. చెల్లెలి వాకిట్లో మూడు రాళ్ల మీద పెట్టి మంట వేస్తే వార్నిష్ కాలిన కంపు గల్లీ అంతా పట్టింది. చుట్టాలు ముక్కులు మూసుకుంటుంటే తల ఎత్తలేకపోయాను. ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కాచి, చెల్లెలు కాళ్ల మీద పడుకోబెట్టుకుని మనవరాలికి పోసింది. ఆ వేడికి పసిది ఏడుపు మాని కళ్లు మూసుకుంటే, ఇన్నాళ్లూ నేను హాల్లో పెట్టుకున్నది ఏమిటో తెలిసింది. కాగును అక్కడే ఉంచుకొమ్మన్నాను. "మా ఇంట్ల జాగెక్కడిదక్కా" అని, నేను అన్నం తిని లేచేలోగా లోపల తోమి మూటగట్టి పెట్టింది.

ఇంటికొచ్చి విప్పితే అడుగున పిడికెడు బియ్యం, ఒక బెల్లంముక్క ఉన్నాయి. అమ్మ కాలంలో అడిగి పట్టుకుపోయినవాళ్లు కాగును వట్టిగా తిప్పి పంపేవారు కాదు, అలా ఏదో ఒకటి వేసి ఇచ్చేవారు. ఇంట్లోవాళ్లు వేయరు, సొంత పాత్రలో ఎవరు వేస్తారు? చెల్లెలు కోపంతో చేసింది కాదు, పద్ధతి తెలిసిన మనిషి. వాడవాడంతా తమదే అనుకున్న కాగు ఇవాళ నా తోడబుట్టినదానికి పరాయిదైంది. ఆ బియ్యాన్ని ఒక గిన్నెలో పోసి పక్కన పెట్టాను, వండుకోవడానికి చేయి రావడం లేదు.