ఐస్ మిషన్ మీద లక్క ముద్ర

హోటల్లో ఐస్‌క్రీమ్ అడిగితే మిషన్ ఖరాబైందంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. కొన్నవాణ్ని ముట్టుకోనివ్వకపోతే ఏ మిషనైనా ఎప్పుడూ ఖరాబే.

అరవైలలో తాండూరులో మాకు ఐస్‌ఫ్రూట్ దుకాణం ఉండేది. నాయన కిరాణా మానేసి, హైదరాబాద్‌లో ఒక కంపెనీ దగ్గర ఆ మిషన్ కొన్నాడు. మోటారు పెట్టె తలుపుకు కంపెనీవాళ్లు ఎర్ర లక్కతో ముద్ర వేసి పంపారు. ముద్ర పగిలితే ఇక మరమ్మతు చేయరట. ఏ చిన్న తేడా వచ్చినా వాళ్ల మెకానిక్కే రావాలి. ఆయనగారు రైలు దిగేసరికి సగం ఎండాకాలం అయిపోయేది. "మిషన్ ఖరాబున్నది, రేపు రాండ్రి" అని చెప్పి చెప్పి నాయనకు నోరు నొప్పి పుట్టేది.

ఒక ఉగాదికి ముందు అమ్మ మిషన్‌ను కడిగింది. ప్రతి శుక్రవారం దానికి పసుపు రాసి బొట్లు పెట్టేది తనే. పాత కుంకుమ గట్టిపడిందనుకుని, కొబ్బరి పీచుతో ఆ లక్కను కూడా గీకి పారేసింది. పండుగ అయిన కొద్ది రోజులకే మిషన్ ఆగిపోయింది. మెకానిక్ వచ్చి తలుపు చూశాడు.

"ముద్ర మీరే తీసిన్రు. ఇగ మాకు సంబంధం లేదు" అని పెట్టె తెరవకుండానే తిరుగు రైలెక్కాడు.

"నీ పసుపు కుంకుమలే కొంప ముంచినయి" అని నాయన అమ్మను తిట్టని రోజు లేదు.

"ముద్ర పోనే పోయింది. ఇప్పుడన్న జర ఇప్పి చూడుండ్రి" అని అమ్మ బతిమాలింది.

నాయన విప్పలేదు. మెకానిక్ మనసు మారి వస్తాడని మిగిలిన ఎండాకాలమంతా మిషన్ పక్కనే కూర్చున్నాడు. దుకాణం మూతపడింది.

చివరికి వికారాబాద్ వ్యాపారి ఒకాయన మిషన్ కొన్నాడు. బండికెక్కించే ముందు తలుపు విప్పి, జారిపోయిన బెల్టును చక్రం మీదికి ఎక్కించాడు. మిషన్ గుర్రుమని తిరిగింది.

అమ్మ నాయన వైపు చూసింది. "గింతేనా? మరి మీరెందుకు ఇప్పలే?"

"కంపెనోళ్లు వద్దన్నరు గద. ఎట్ల ఇప్పుత?"

పాపం అమాయకుడని చుట్టాలు ఇప్పటికీ అంటారు. నాకు జాలి కలగలేదు. అమ్మను అన్నేసి మాటలన్న మనిషి, కంపెనీవాణ్ని ఒక్క మాట అనలేకపోయాడు. నాయన పోయాడు, నా కోపం పోలేదు.