చెత్తబుట్టలో నంబర్లు

పొద్దున్నే ఫోను ఆగకుండా టింగు టింగుమంది. మా రక్తదాతల వెబ్‌సైటు ఫారంలోకి మళ్ళీ బాట్లు చొరబడ్డాయి. మనుషుల్లా ఫారాలు నింపి, చెత్త కుమ్మరించిపోయే ప్రోగ్రాములవి. ఆ మోత వింటే నాకు విసుగు రాదు. భారతక్క గుర్తొచ్చి దిగులేస్తుంది.

భారతక్క రిటైరైన నర్సు. నరసరావుపేటలో కోర్టు వెనక ఒక్క గదిలో మా సంఘాన్ని నడిపేది. రక్తం కావలసినవాళ్ళు ఫారం నింపితే దాతను వెతికి పంపేది. వెబ్‌సైటు పని నాది. బాట్ల చెత్తలో అసలు మనుషులను వెతకలేక అక్కకు తల ప్రాణం తోకకొచ్చేది. "ఒరేయ్, ఏందిరా ఈ పీడ? ఏదన్నా తాళం వెయ్యి" అంది. బొమ్మల పరీక్ష పెట్టాను. ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలన్నీ సరిగ్గా నొక్కితేనే ఫారం వెళుతుంది. చెత్త ఆగింది. చాలా రోజులకు అక్క నవ్వింది.

కొన్నాళ్ళకు క్రోసూరు వైపు క్వారీలో పనిచేసే ఒకాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గొడవ పెట్టుకుంటాడనుకున్నాను. నెమ్మదిగానే అడిగాడు.

"ఆ బొమ్మలెందుకు పెట్టారమ్మా? చేతులు వణికి తప్పు నొక్కా. మళ్ళీ మళ్ళీ బొమ్మలే. మా ఆడమనిషి కాన్పులో పోయింది."

అక్క లేచి కుర్చీ జరిపింది. ఆయన కూర్చోలేదు. వెళ్ళిపోయాక, "తాళం వెయ్యమంది నేనే గదరా" అంది. నేనేదో సర్దిచెప్పబోతే వినలేదు.

ఆ రోజే బొమ్మలు తీయించింది. బదులుగా మనుషుల కంటికి కనపడని ఒక గడి పెట్టాను. బాటు దాన్ని కూడా నింపి దొరికిపోతుంది, ఆ ఫారం చెత్తబుట్టలో పడుతుంది. బాగుందంది గానీ నమ్మలేదు. బుట్టలో పడ్డ ప్రతి నంబరుకూ తనే ఫోను చేసి, "రక్తమేమన్నా కావాలా నాయనా?" అని అడిగేది. అవి బాట్లు ఎక్కడెక్కడినుంచో ఏరుకొచ్చిన నంబర్లు. ఎత్తినవాళ్ళు తిట్టేవాళ్ళు. "తిట్టే ఓపికుందంటే ఇంట్లో అంతా బాగున్నట్టే. ఉంటా నాయనా" అని పెట్టేసేది. ఆ బుట్టలో నిజంగా రక్తం కావలసినవాళ్ళు ఒక్కరూ దొరకలేదు. అయినా గుండెజబ్బుతో మంచాన పడి చనిపోయేదాకా ఆ పని మానలేదు.

ఇవాళ బుట్ట తెరిచి, అక్కలాగే ఒక్కో నంబరుకూ ఫోను చేసి అడగసాగాను. మొదటి మనిషే, "పొద్దున్నే ఏందిరా నీ గోల? ఎవరిక్కావాలి రక్తం?" అని అరిచాడు. వెనక పసిపిల్ల ఏడుపూ, దాన్ని ఊరుకోబెడుతున్న తల్లి గొంతూ వినిపించాయి.

"ఉంటానన్నా" అన్నాను. ఫోను పెట్టేయడానికి మాత్రం వెంటనే చెయ్యి రాలేదు.