వెళ్ళొస్తా అనని మనిషి

లోకంలో ఎవరైనా ఇల్లు కదిలేటప్పుడు ‘వెళ్ళొస్తా’ అంటారు. మళ్ళీ ఈ గడప తొక్కను అని మనసులో ఒట్టు పెట్టుకున్న అల్లుడు కూడా ఆ మాటే అని చెప్పులేసుకుంటాడు. హెడ్డుగారు మాత్రం ఆ మాట అనేవాడు కాదు. బూట్ల తాళ్ళు బిగించుకుని, టోపీ చేతిలోకి తీసుకుని, గడపలో నిలబడి ‘వెళ్తున్నా’ అనేవాడు. అంతే. పొయ్యి దగ్గరున్న ఆయన భార్యకి ఆ మాట విన్నప్పుడల్లా గుండె గతుక్కుమనేది. ఇంకో రెండక్షరాలు కలిపితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా అని పోరేది. ఆయన వినీ విననట్టు సైకిలు స్టాండు తీసేవాడు. తలుపు దగ్గర నిలబడ్డ కూతురు, తండ్రి వదిలేసిన మాటని తనే పూర్తిచేసేది: “వచ్చేస్తాడులే అమ్మా.”

ఆ చిన్న ఊళ్ళో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్ళు లేరు. మీసాలు సరిగ్గా రాకముందే సైన్యంలో చేరాడు, ఒక యుద్ధం చూశాడు, తిరిగొచ్చి పోలీసయ్యాడు. కానిస్టేబులుగా ఆ స్టేషన్లో అడుగుపెట్టి, హెడ్డయ్యి, అక్కడే రిటైరయ్యాడు. రెండు గదుల స్టేషను, పెచ్చులూడే గోడలు, ఒక కాలు కురచైన బల్ల. లాకప్పులో దొంగలకంటే దొంగ సైకిళ్ళే ఎక్కువ ఉండేవి. ఎస్సైలు వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. ఊరికి తెలిసిన పోలీసు మాత్రం ఆయనొక్కడే.

‘వెళ్ళొస్తా’ అనని మనిషే గానీ, ఎవరికైనా ‘వస్తా’ అన్నాడంటే మాత్రం వచ్చి తీరేవాడు. ఈ సంగతి ఊరంతటికీ తెలుసు. వీధి చివర మేస్త్రీ ఒకడు తాగొచ్చి పెళ్ళాన్ని కొట్టేవాడు. హెడ్డుగారు వాణ్ణి స్టేషనుకి ఈడ్చుకెళ్ళలేదు, లాఠీ ఎత్తలేదు. “రేపు సాయంత్రం వస్తా” అన్నాడు. వచ్చాడు, వాళ్ళ అరుగు మీద కూర్చున్నాడు, మంచినీళ్ళు కూడా ముట్టకుండా కాసేపుండి లేచి, “రేపు కూడా వస్తా” అన్నాడు. వానాకాలం వెళ్ళి ఎండలు ముదిరేదాకా ఇదే వరస. మేస్త్రీకి తాగుడు మానడం కంటే ఆ అరుగు మీది మనిషిని రోజూ చూడటమే కష్టమైంది. మానేశాడు. ఆ తర్వాత ఆ వీధి ఆడవాళ్ళు మొగుళ్ళతో మాటామాటా పెరిగితే “హెడ్డుగారిని వస్తాననమంటావా?” అని బెదిరించేవాళ్ళు. నవ్వుకునే మాటే. కూతురు కూడా నవ్వేది.

నవ్వలేనిది ఇంకొకటుంది. వానపడే సాయంత్రాలు ఆయన వీధి తలుపు వేయనిచ్చేవాడు కాదు. జల్లు లోపలికి కొట్టి చాపలు తడిసినా, భార్య సణిగినా, తలుపుకెదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఎవరో వస్తారన్నట్టు ఉండేది ఆ చూపు. చిన్నప్పుడు కూతురు కూడా ఆ కుర్చీ పక్కన నిలబడి వానలోకి చూసేది. చూడగా చూడగా నిజంగానే అక్కడ ఎవరో ఆగి ఉన్నట్టనిపించి, పరుగున వెళ్ళి అమ్మ కొంగులో తల దూర్చేది. తండ్రిని అడిగితే, ఏం లేదమ్మలూ, గాలి కోసం అనేవాడు. ఆ ఇంట్లో నలుగురు బతుకుతున్నారనీ, నాలుగోవాడు బయట తడుస్తున్నాడనీ ఆ పిల్లకి చాన్నాళ్ళు నమ్మకం.

భార్య పోయిన రోజు ఆయన బందోబస్తు మీద పక్క ఊళ్ళో ఉన్నాడు. పొద్దున ‘వెళ్తున్నా’ అనే వెళ్ళాడు. మధ్యాహ్నం ఆమెకి గుండెలో నొప్పి వచ్చింది, ఆస్పత్రికి తీసుకెళ్తుండగా దారిలోనే పోయింది. చూడటానికొచ్చిన మేనత్తలు గుసగుసలాడారు, నోటి మాట ఊరికే పోతుందా అని. అప్పటికి కుట్టుపని నేర్చుకుని బజార్లో చిన్న కొట్టు పెట్టుకున్న కూతురు ఆ గుసగుసని పట్టుకుని వేలాడింది. దుఃఖంలో మనిషికి ఏదో ఒకటి పట్టుకోవడానికి కావాలి. అన్నం వడ్డించేది గానీ తండ్రితో మాట్లాడేది కాదు. చివరికి ఒక మధ్యాహ్నం, ఆయన అలవాటుగా “వెళ్తున్నా” అనేసరికి, చేతిలో కత్తెర బల్ల మీద విసిరికొట్టి అడిగేసింది. ఆ ఒక్క మాట అని ఉంటే అమ్మ ఉండేదేమో కదా అంది.

ఆయన టోపీ పక్కన పెట్టి కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు, బతుకులో ఒకే ఒక్కసారి.

యుద్ధంలో, ఆయనున్న దళం మొత్తంలో మన భాష మాట్లాడేవాళ్ళు ఇద్దరే, ఆయనా, బక్కోడూ. బక్కోడంటే నిజంగా బక్కోడే, బెల్టుకి అదనంగా చిల్లులు పొడుచుకునేవాడు. ఒక కొండ మీద, వానలో, బక్కోడి కాలికి దెబ్బ తగిలింది. ఒక బండ చాటున పడుకోబెట్టారు. అంతలో ఈయన్ని కబురిచ్చి కింది శిబిరానికి పంపారు. మళ్ళీ పైకి రావడమన్నది ఆ ఆజ్ఞలో లేదు. బయల్దేరుతూ, ఇంట్లో అమ్మకి చెప్పినట్టే, నోటికి అలవాటైన మాట అన్నాడు: “వెళ్ళొస్తాన్రా.” బక్కోడు తలూపాడు.

సాయంత్రం స్ట్రెచర్ మోసేవాళ్ళు పైకెళ్ళారు. బక్కోడు ఎక్కనన్నాడు. మా వాడు వస్తానన్నాడు, నన్ను వాడు మోసుకెళ్తాడు, ముందు పక్కవాణ్ణి తీసుకెళ్ళండి అని సైగలు చేశాడట. వాళ్ళకి ఒప్పించే తీరికా లేదు, భాషా లేదు. పక్కవాణ్ణి మోసుకుని దిగారు. చీకటి పడకముందే ఆ కొండ చేజారిపోయింది. బక్కోడి శవం కూడా దొరకలేదు.

“ఆ స్ట్రెచర్ మోసినవాడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడమ్మా,” అన్నాడు హెడ్డుగారు. “మీవాడు ఒకటే మాట అంటూ ఉండిపోయాడు, ‘వెళ్ళొస్తా, వెళ్ళొస్తా’ అని. ఆ మాటకి అర్థమేంటి అని అడిగాడు. నేనేం చెప్పను? సెలవు తీసుకునే మాట, దానికి అర్థమేం లేదు అన్నాను.”

ఆ రోజు నుంచి కూతురు కూడా ఆ ఇంట్లో ఆ మాట అనడం మానేసింది. వాన వచ్చినప్పుడు తలుపు తనే బార్లా తీసిపెట్టేది. బక్కోడు ఇప్పుడు ఆమె కూడా బాకీపడ్డ చుట్టంలా తయారయ్యాడు.

రిటైరయ్యాక కూడా ఆయన రోజూ స్టేషను బల్ల మీద కాసేపు కూర్చుని వచ్చేవాడు. కొత్త ఎస్సైలు లేచి నిలబడేవాళ్ళు. మంగలి ఆయన గడ్డం గీసి, డబ్బు సంగతి ఎత్తితే చెవుడు నటించేవాడు. ఊరు ఆయన్ని అంతగా నెత్తిన పెట్టుకుంది. ఆ ప్రేమంతా చూసినప్పుడు కూతురికి గర్వంగా ఉండేది, వెంటనే జాలేసేది. ఇన్ని ఇళ్ళకి వెళ్ళాడు, ఇంతమందికి వస్తానని వచ్చాడు, ఒక్క చోటికి వెళ్ళలేకపోయినందుకే కదా ఇదంతా అనుకునేది.

ముసలితనం పాకానపడ్డాక మతిమరుపు మొదలైంది. స్నానాలగదిలో జారిపడి ఆస్పత్రిలో చేరేసరికి మనిషి అప్పుడప్పుడూ మాత్రమే ఇక్కడ ఉంటున్నాడు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందన్నారు. కూతురు పగలంతా మంచం పక్కనే ఉండేది. బయటికెళ్ళాలంటే ఏమీ అనకుండా, ఆయన కళ్ళు మూసుకున్నప్పుడే జారుకునేది. ఒక రోజు నర్సు ఒక మందు పేరు చెప్పి, ఇక్కడ లేదు, బజార్లో దొరుకుతుంది, తొందరగా తెమ్మంది. ఆ కంగారులో, సంచీ భుజాన వేసుకుంటూ, వార్డు గుమ్మంలోంచి అనేసింది: “వెళ్ళొస్తా నాన్నా.”

అన్నాక గానీ తెలియలేదు. ఆయన దిండు మీంచి తల ఎత్తి చూశాడు. తలూపాడు.

మందు దొరికేసరికి వాన పట్టుకుంది. వంతెన మీద లారీ అడ్డంగా ఆగిపోయి, ముందుకీ వెనక్కీ దారి లేదు. ఆటోలో కూర్చుని ఆమె సంచీ నలుపుతూ ఉండగా నర్సు ఫోను చేసింది. వార్డు కప్పు కారుతోంది, ఆయాసం ఎక్కువైంది, ఆక్సిజన్ ఉన్న పై గదికి మార్చాలి. “మీ నాన్నగారు స్ట్రెచర్ ఎక్కనంటున్నారండి. మంచం చువ్వ పట్టుకుని వదలట్లేదు. ఎవరో వస్తానన్నారట.”

ఆమె ఆటో దిగి పరిగెత్తింది. ఆమెది పరిగెత్తే వయసు కాదు, మోకాళ్ళు ఎప్పుడో మొండికేశాయి. అయినా వంతెన దాటి, బజారు దాటి, తడిసి ముద్దై పరిగెత్తింది. ఎన్నో ఏళ్ళుగా తలుపు తెరిచి చూసిన వానలో ఇప్పుడు తనే ఉంది. పక్కనే ఇంకెవరో కూడా అదే చోటికి పరిగెత్తుతున్నట్టు అడుగుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. తిరిగి చూడ్డానికి భయమేసింది.

వార్డులో స్ట్రెచర్ పక్కన ఇద్దరు మనుషులు విసుగ్గా నిలబడి ఉన్నారు. ఆయన చువ్వ పట్టుకునే ఉన్నాడు, పెదాలు నీలంగా ఉన్నాయి. గుమ్మంలో ఆమెని చూడగానే మొహం విప్పారింది. ఆ మొహం తన తండ్రిది కాదని, బండ చాటున పడుకున్నవాడిదని ఆమెకి వెంటనే అర్థమైంది.

“వచ్చావట్రా,” అన్నాడు. గొంతు కుర్రాడి గొంతులా ఉంది. “వీళ్ళు ఎక్కమంటున్నారు. మావాడు వస్తానన్నాడని చెప్పా.”

ఆమె ఎవరిగా వచ్చిందో ఆమెకి తెలిసింది. మంచం పక్కన మోకరిల్లి ఆ చెయ్యి పట్టుకుంది.

“ఆలస్యమైందిరా,” అంది. “రానివ్వలేదు నన్ను.”

“తెలుసులే,” అన్నాడాయన. “పోనీలేరా. వచ్చావుగా.”

చువ్వ వదిలేశాడు. వాళ్ళు ఆయన్ని ఎత్తి స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. ఆమె చెయ్యి వదలకుండా మెట్లెక్కింది. పై గదిలో మాస్కు పెట్టాక ఊపిరి కాస్త కుదుటపడింది, కళ్ళు మూతపడ్డాయి. ఆమె తడిబట్టలతోనే పక్కన కూర్చుంది. ఆయన ఒక్కసారి తన తండ్రిగా కళ్ళు తెరిస్తే చాలు, చెప్పాలి. బక్కోడు కోపంగా లేడు నాన్నా, పోనీలే అన్నాడు, నేను విన్నాను అని చెప్పాలి. యుద్ధం నుంచి ఈ మంచం దాకా ఆయన ఎదురుచూసింది ఆ ఒక్క మాట కోసమే. ఆ మాట ఆయన నోటినుంచే వచ్చింది, ఆయన మాత్రం వినలేదు.

తెల్లవారేదాకా చూసింది. ఆయన కళ్ళు తెరవలేదు. నర్సు వచ్చి మాస్కు తీసేశాక కూడా ఆమె ఆయన చెవి దగ్గర వంగి ఆ మాట చెబుతూనే ఉంది.