పండని వాపు

లాయాల వీధిలో ఆమెను అందరూ అత్త అంటారు. గుర్రాలకు లాడాలు కొట్టడం ఆమె పని. ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. పన్నెండో ఏట పోయాయి. ఒక గుర్రం మెడ మీద లేచిన వాపును ఆమె తండ్రి పండకముందే కోశాడు. పగ్గం పట్టుకున్నది ఆమె. గుర్రం తల తిప్పి కొరికింది. వేళ్లు గడ్డిలో పడ్డాయి. తండ్రి వెతికి, తుడిచి, ఏం చెయ్యాలో తోచక జేబులో వేసుకున్నాడు. గుర్రం మూడోనాడు చచ్చింది.

అప్పటినుంచి అత్త దేన్నీ తొందరపడి కొయ్యలేదు.

ఆమె తమ్ముడు బండి తోలతాడు. కోపం ముక్కు మీదే ఉంటుంది. అతని ఇల్లు గడిచేది ఒక్క ఆడగుర్రం వల్ల. ఒకనాడు పొద్దున్నే దాని రొమ్ము మీద, ముందుకాళ్ల నడుమ, పిడికిలంత వాపు కనిపించింది. గాయం లేదు. గీత కూడా లేదు. కానీ ముందురోజు ఆ గుర్రం, వీధిలో తొట్లు నింపే నీళ్లాయన బకెట్టును తన్నింది. ఆయన పార ఎత్తి దాన్ని బెదిరించాడు. తమ్ముడికి అంతే చాలింది.

లాయం తలుపుకున్న అడ్డకర్ర ఊడదీశాడు. నీళ్లాయన రెండు బకెట్లతో వీధి మలుపు తిరుగుతున్నాడు. మొదటి దెబ్బకు రెండు పళ్లు రాలాయి. రెండో దెబ్బకు ఆయన కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. అది ఎండుపుల్లలా విరిగిన చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది. మూడో దెబ్బకు తొట్టిలో పడ్డాడు. ఆ రోజు గుర్రాలు ఆ నీళ్లు ముట్టలేదు.

అత్త పరుగున వచ్చి తమ్ముణ్ణి జుట్టు పట్టి వెనక్కి ఈడ్చింది.

"ఈయన కొట్టడం నువ్వు చూశావా?"

"చూడాలా అక్కా? నిప్పు లేకుండా పొగొస్తుందా?"

"నీ బుర్రకి లాడం కొట్టాలిరా. పూర్తిగా అరిగిపోయింది."

గుర్రం దగ్గరికెళ్లి వాపును బొటనవేలితో నొక్కింది. వేడిగా ఉంది. రాయిలా ఉంది.

"దెబ్బ వాపైతే కోసినప్పుడు నల్లనెత్తురొస్తుంది. చీమొస్తే లోపల పుట్టిందే, ఎవరి చెయ్యీ లేనట్టే. పండనీ."

"ఇప్పుడే కొయ్యి. ఇప్పుడే తేలిపోవాలి."

ఆమె మూడువేళ్ల చెయ్యి అతని మొహం ముందు పెట్టింది.

రోజూ పొద్దున, సాయంత్రం వేడినీళ్లలో ముంచిన గుడ్డ వేసింది. వాపు పెరిగింది. గుర్రం కాళ్లు ఎడంగా పెట్టి, తల వేలాడేసి నిలబడింది. దాణా మానేసింది. అయిదోనాడు తమ్ముడు తనే కత్తి తీసుకుని లోపలికి దూరాడు. అత్త సుత్తి పిడితో అతని మణికట్టు మీద కొట్టింది. కత్తి పేడలో పడింది.

"చచ్చిపోతుందే అక్కా!" ఏడుపు గొంతుతో అరిచాడు.

"నువ్వు కోస్తే ఖాయంగా చస్తుంది."

ఎనిమిదోనాడు వాపు మెత్తబడి, నొక్కితే బొటనవేలు దిగింది. అత్త వీధిలో అందరినీ పిలిచింది. నీళ్లాయన చేతికి చెక్కలు కట్టుకుని వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. ఆమె గుర్రం కదలకుండా దాని పైపెదవిని తాడుతో మెలేసి బిగించింది. ఆ తాడు తమ్ముడికిచ్చింది. కత్తి నిప్పులో కాల్చి, చల్లార్చి, వాపు అడుగున ఒక్క పోటు పొడిచింది.

గుర్రం ముందుకాళ్లెత్తి తమ్ముణ్ణి గోడకేసి కొట్టింది. దాని రొమ్ములోంచి చీము ధారగా దూకింది. తెల్లగా, చిక్కగా, సగం బకెట్టు. జనం ముక్కులు మూసుకున్నారు. కళ్లు మాత్రం మూసుకోలేదు. నల్లనెత్తురు చుక్క లేదు.

"మరి ఎందుకొచ్చిందత్తా?" ఎవరో అడిగారు.

"తెలీదు. మా నాన్నకీ తెలీదు."

తమ్ముడు లేచాడు. నుదుటి మీద నెత్తురు తుడుచుకోలేదు. వెళ్లి అదే అడ్డకర్ర తెచ్చి నీళ్లాయనకు ఇచ్చాడు. ఆయన ఎడమచేత్తో ఎత్తి కొట్టాడు. కర్ర భుజం మీంచి జారిపోయింది. ఎవరో నవ్వారు.

"ఇది ఎడమచెయ్యి. లెక్కలోకి రాదు," అన్నాడు నీళ్లాయన, పళ్లు లేని సందులోంచి. "కుడిది నయమయ్యాక వస్తా."

"రా అన్నా," అన్నాడు తమ్ముడు.

"అందాకా నీ తొట్లు వీడు నింపుతాడన్నా," అంది అత్త.

తమ్ముడు నింపాడు. రోజూ ఉప్పునీళ్లతో గుర్రం పుండు కడిగాడు. గుర్రం మేత ముట్టింది. తర్వాత పూర్తిగా తింది. సాయంత్రాలు బకెట్లతో వెళ్తుంటే నీళ్లాయన గుమ్మంలో కూర్చుని కనిపించేవాడు. కట్టు విప్పాక, కుడిచేత్తో తడిగుడ్డ పిండుతూ ఉండేవాడు. మొదట్లో చుక్కలు కారేవి. తర్వాత ధార కారింది.

ఎనిమిదోవారం ఆయన వచ్చాడు. అడ్డకర్ర తనే తీసుకున్నాడు. తమ్ముడు బకెట్లు కింద పెట్టాడు. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

అత్త ఆడగుర్రం కాలు ఒళ్లో పెట్టుకుని లాడం బిగిస్తోంది. వెనక తమ్ముడి ఎముక ఎండుపుల్లలా విరిగిన చప్పుడైంది. గుర్రం ఉలిక్కిపడింది.

"ఏం లేదులే," అంది దానితో.

నీళ్లాయన కర్రను గోడకు ఆనించి, బకెట్లు తీసుకుని తొట్టి వైపు నడిచాడు. అత్త ఆఖరి మేకు కొట్టింది. ఆ తర్వాతే వెనక్కి తిరిగి చూసింది.